తమను చూడటానికి రాని జనం ముందు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: పీటర్ సెల్లర్స్, టోనీ హ్యాంకాక్, టామీ కూపర్, స్పైక్ మిల్లిగన్, ఎరిక్ మోర్కమ్ అందరూ 1918, 1926 మధ్య పుట్టినవాళ్ళే. ఒక్క తరంలో ఇంతమంది బ్రిటిష్ హాస్యనటులు ఎలా వచ్చారు, ఎక్కడ నేర్చుకున్నారు, నవ్వించేవాళ్ళ బతుకుల్లో ఇంత విషాదం ఎందుకు, కొత్తవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

చదువు సంగతి ముందు తేల్చేస్తాను. ఈ ఐదుగురిలో ఒక్కరూ నటన నేర్పే కళాశాల గడప తొక్కలేదు. తమను చూడటానికి రాని జనం ముందు నిలబడి నేర్చుకున్నారు. నా జవాబంతా ఈ ఒక్క ముక్కే, మిగిలింది దాని వివరం.

ఇది నాకు పుస్తకాల వల్ల మాత్రమే తెలిసిన విషయం కాదు. ముప్పై ఏళ్ళుగా పరిషత్తు నాటికల్లో, తిరునాళ్ళలో హాస్యపాత్రలు వేస్తున్నాను. తొలి రోజుల్లో ఒక ఊళ్ళో పద్యనాటకానికి ముందు మాకు నలభై నిమిషాలు ఇచ్చారు. నేను డైలాగు మధ్యలో ఉండగా ముందువరుసలో చాప మీద కూర్చున్న పెద్దాయన తల పైకెత్తి, "బాబూ, హరిశ్చంద్రుడు ముస్తాబయ్యాడా?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. "ఇంకా కిరీటం వెతుక్కుంటున్నాడు తాతా" అన్నాను. ఆ రాత్రి మాకు పడిన మొదటి నవ్వు అదే. ఇక బ్రిటన్ సంగతికి వస్తాను.

1939లో యుద్ధం మొదలయ్యాక ఆ దేశం తన కుర్రాళ్ళను సైన్యంలోకి లాక్కుంది. పోరాటం లేని రోజుల్లో సైనికుడికి పొద్దు గడవదు. అందుకని వినోద దళాలు పెట్టారు. అన్నిటికంటే పెద్దది ఎన్సా. ఆ నాలుగు ఆంగ్ల అక్షరాలకు సైనికులు చెప్పుకున్న అర్థం "ప్రతి రాత్రీ ఏదో ఒక ఘోరం". ఎన్సా వాళ్ళు పరీక్షించి వద్దన్న కుర్రాళ్ళలో హ్యాంకాక్ ఒకడు. తర్వాత వైమానిక దళంలో రాల్ఫ్ రీడర్ నడిపిన గ్యాంగ్ షోలో చేరాడు. సెల్లర్స్‌కు చూపు సరిగా లేదు కనుక విమానం నడిపే యోగం దక్కలేదు. డ్రమ్ములు వాయించడం వచ్చు కనుక అతనూ గ్యాంగ్ షోలోకే వచ్చాడు. మన దేశం, సిలోన్, బర్మా తిరిగాడు. ప్రదర్శన లేని సాయంత్రాల్లో మేకప్ పెట్టెలోంచి ఒక మీసం, సామాను పెట్టెలోంచి ఎవరిదో పై హోదా పట్టీ తీసి పెట్టుకుని ఆఫీసర్ల మెస్‌లోకి నడిచి వెళ్ళేవాడు. దొరికితే సైనిక విచారణే. ఎదుటివాడు నమ్మకపోతే మర్నాడు కటకటాలు లెక్కించాల్సిన చోట గొంతు మార్చడం నేర్చుకున్నవాడికి రేడియో స్టూడియో భయపెడుతుందా?

భయపెట్టలేదని 1948లో రుజువైంది. బీబీసీలో అవకాశం కోసం ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు. ఒకరోజు నిర్మాత రాయ్ స్పియర్‌కు ఫోను చేసి, అప్పటికే పేరున్న కెన్నెత్ హోర్న్, రిచర్డ్ మర్డాక్‌ల గొంతులతో, సెల్లర్స్ అనే కుర్రాణ్ణి తీసుకుని తీరాలని తనను తానే మెచ్చుకున్నాడు. చివర్లో అసలు సంగతి ఒప్పుకున్నాడు. స్పియర్ ముందు తిట్టాడు, తర్వాత పిలిచాడు.

మిల్లిగన్ కథ ఇంకా వింతైనది. 1918 ఏప్రిల్ 16న అహ్మద్‌నగర్‌లో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన ఐర్లండు మనిషి. బాల్యం పూనాలో, రంగూన్‌లో గడిచి, పన్నెండు దాటాక గానీ ఇంగ్లండు చలి ఎలా ఉంటుందో తెలియలేదు. యుద్ధంలో ఫిరంగి దళం. ఉత్తర ఆఫ్రికాలో వాళ్ళ భారీ ఫిరంగి ఒకటి కొండ అంచు మీద నుంచి దొర్లి, కింద చిన్న వైర్‌లెస్ ట్రక్కులో ఉన్నవాళ్ళకు కాస్త దూరంలో పడింది. కాసేపటికి ట్రక్కు తెర తొలగించి ఒక మొహం లోపలికి తొంగిచూసి, "ఎవరైనా ఒక ఫిరంగిని చూశారా?" అంది. లోపలున్న వేల్స్ కుర్రాడు "ఏ రంగుది?" అన్నాడు. ఆ మొహం మిల్లిగన్‌ది, ఆ కుర్రాడు హ్యారీ సీకూమ్. ఇద్దరూ జీవితాంతం చెప్పిన కథ కనుక కాస్త నగిషీ పడే ఉంటుంది. కానీ 1951 నుంచి 1960 దాకా సెల్లర్స్‌తో కలిసి వాళ్ళు రేడియోలో నడిపిన గూన్ షో తర్కమంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది: అసంభవమైన ప్రశ్నకు తడుముకోకుండా, మొహంలో మార్పు లేకుండా జవాబివ్వడం.

మన దేశంతో ఇంకో ముడి కూడా ఉంది. నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో స్వదేశం వెళ్ళే ఓడల కోసం సైనికులు నెలల తరబడి ఎదురుచూసే శిబిరం ఉండేది. ఆ ఎదురుచూపులో మతి చలించినవాళ్ళను బట్టి ఇంగ్లీషులో 'డూలాలీ' అనే మాటే పుట్టింది, పిచ్చెక్కడం అనే అర్థంలో. ఆ శిబిరపు నాటక బృందంలో పనిచేసిన జిమ్మీ పెరీ, తర్వాత డేవిడ్ క్రాఫ్ట్‌తో కలిసి ఆ అనుభవాన్నే టీవీ హాస్యధారావాహికగా రాశాడు.

యుద్ధం ముగిసింది. వేదిక రుచి మరిగిన వందల మంది కుర్రాళ్ళు, విడుదల సమయంలో ప్రభుత్వం ఇచ్చిన సూటు తొడుక్కుని లండన్ వీధుల్లో తేలారు. వాళ్ళకు దొరికిన ద్వారం సోహోలోని విండ్‌మిల్ థియేటర్.

ఈ థియేటర్ సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. అక్కడ ముఖ్య ఆకర్షణ నగ్నంగా నిలబడే యువతులు. అప్పట్లో నాటకాలను సెన్సారు చేసిన లార్డ్ ఛాంబర్‌లేన్ కార్యాలయం పెట్టిన షరతు ఒక్కటే, శిల్పంలా కదలకుండా నిలబడాలి. కదిలితే అశ్లీలం, కదలకపోతే కళ! మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా రోజుకు ఐదారు ఆటలు. ఒక బృందం దుస్తులు, దీపాలు మార్చుకుని వచ్చేలోపు ఖాళీ నింపడానికి కమెడియన్ ఒక్కడు రావాలి. హాలులో ఉన్నవాళ్ళంతా మగవాళ్ళు, చాలామంది ఒంటరిగా వచ్చినవాళ్ళు, ఒడిలో విప్పిన వార్తాపత్రిక. కమెడియన్ రాగానే పత్రిక పైకి లేస్తుంది. ముందువరుసలో ఎవరైనా లేచి వెళితే వెనకవాళ్ళు కుర్చీల మీదుగా దూకి ఆ చోటు పట్టుకుంటారు. దానికి విండ్‌మిల్ గుర్రప్పందెం అని పేరు కూడా పెట్టారు. మీరు మంచి జోకు చెప్పి ముగింపు దగ్గర ఆగిన ఆ క్షణంలోనే పదిమంది కుర్చీలు దాటుతుంటారు, ధడధడమని చప్పుడు.

సెల్లర్స్, హ్యాంకాక్, సీకూమ్, కూపర్ అందరూ ఆ గోదాలో కుస్తీ పట్టినవాళ్ళే. బెన్నీ హిల్‌ను పరీక్షలోనే వద్దన్నారు. మోర్కమ్, వైజ్ జంటను 1949లో వారానికే పంపించేశారు. యజమాని వివియన్ వాన్ డామ్ తర్వాత తలుపు పక్కన, తమ దగ్గర పనిచేసి పేరు తెచ్చుకున్నవాళ్ళ జాబితా పెట్టించాడు. తిప్పిపంపిన వాళ్ళ జాబితా కూడా పెట్టి ఉంటే అదీ అంత ఘనంగానే ఉండేది.

అక్కడ గట్టెక్కినవాళ్ళకు వెరైటీ థియేటర్లు. ఊరూరా ఎంపైర్ అనో హిప్పోడ్రోమ్ అనో పేరున్న హాలు ఒకటి ఉండేది. ఆదివారం రైల్లో ప్రయాణం, సోమవారం ఉదయం సంగీత బృందంతో రిహార్సల్. ఎవరు ముందుగా వచ్చి తమ స్వరాల కాగితాలు వేదిక అంచున పెడితే వాళ్ళకు మొదటి వంతు. రాత్రికి రెండు ఆటలు. శనివారం దాకా అంతే, మళ్ళీ రైలు. ఒక్కో ఆటలో గారడీవాళ్ళు, కుక్కల ఆట, గాయని, కమెడియన్. కమెడియన్‌కు ఇచ్చేది పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల సరుకు సంవత్సరాల తరబడి సరిపోయేది, ఎందుకంటే అదే ఊరికి మళ్ళీ వచ్చేసరికి ఏడాది దాటుతుంది. రోజుకు రెండుసార్లు, వారానికి పన్నెండుసార్లు అవే మాటలు చెబుతుంటే ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఏ పదం ముందు అరక్షణం ఆగాలో శరీరానికే తెలిసిపోతుంది. గ్లాస్గో ఎంపైర్‌లో శుక్రవారం రెండో ఆట అంటే ఇంగ్లండు కమెడియన్లకు వణుకు. డెస్ ఓ'కానర్ ఒకసారి ఆ వేదిక మీద మూర్ఛపోయి తప్పించుకున్నాడు. నిజంగా పడ్డాడో నటించాడో వాదన ఇప్పటికీ ఉంది.

టీవీ ఈ లెక్కనంతా తారుమారు చేసింది. పదేళ్ళు తినాల్సిన పన్నెండు నిమిషాలు ఒక్క రాత్రిలో దేశమంతా చూసేసింది, మర్నాటికి చెల్లవు. ఇక్కడే ఈ తరం రెండుగా చీలింది: మంచి రచయితలను పట్టుకుని నిలిచినవాళ్ళు, పట్టుకోలేక మునిగినవాళ్ళు. పట్టుకుని కూడా వదులుకున్నవాడు ఒక్కడున్నాడు, హ్యాంకాక్.

అతనికి రాసిన రే గాల్టన్, ఆలన్ సింప్సన్ క్షయ ఆసుపత్రిలో పక్కపక్క రోగులుగా పరిచయమైన కుర్రాళ్ళు. 1954 నవంబరులో రేడియోలో మొదలై, 1956లో టీవీలోకి కూడా వచ్చిన అరగంట కార్యక్రమంలో వాళ్ళు చేసిన పెద్ద పని, జోకులు తీసేయడం. మిగిలింది ఒక మనిషి. ఈస్ట్ చీమ్ అనే చోట, రైల్వే కటింగ్స్ వీధి 23వ నంబరు ఇంట్లో ఉండే బడాయి మనిషి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటామే, సరిగ్గా ఆ బాపతు. బొచ్చు కాలరు కోటు వేసుకుని, జేబులో చిల్లర లేకుండా, నాగరికత గురించి ఉపన్యాసాలు ఇస్తాడు. పక్కన సిడ్ జేమ్స్, ఆ గాలిబుడగను సూదితో పొడవడానికి.

1960లో హ్యాంకాక్ సిడ్ జేమ్స్‌ను వద్దన్నాడు. ఇద్దరం జంటగా ముద్రపడిపోతామన్నది అతని భయం. 1961లో రచయితలను కూడా వదిలేశాడు. ఆ రెంటి మధ్య, 1961 జూన్‌లో, రక్తదానం చేయడానికి వెళ్ళే మనిషిగా చేసిన భాగం ఉంది. ఒక పైంటు రక్తం తీస్తామని డాక్టరు అనగానే, "ఒక పైంటా? అది దాదాపు ఒక చెయ్యి నిండుగా ఉండేంత!" అంటాడు. బ్రిటన్‌లో ఇప్పటికీ జనం నోట నానే వాక్యం. చిత్రీకరణకు కొద్ది రోజుల ముందు కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలింది. సంభాషణలు నేర్చుకునే వ్యవధి లేదు, కెమెరాల పక్కన తెరల మీద రాసి పెట్టారు. ఈసారి చూసినప్పుడు అతని కళ్ళను గమనించండి. నర్సుతో మాట్లాడుతూ నర్సును చూడడు, ఆమె భుజం పక్కగా ఎక్కడికో చూస్తాడు. నటుడిగా నాకు అది చూస్తుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది, అయినా నవ్వు వస్తుంది. టైమింగ్ అంత బలంగా ఉంది. అయితే ఆ తెరలు ఉంటే నేర్చుకునే పని లేదని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత సంభాషణలు కంఠతా పట్టడం దాదాపు మానేశాడు. మంచి నటుడికి జరగగలిగిన వాటిలో ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు, కారు ప్రమాదంతో సహా.

గాల్టన్, సింప్సన్ మరుసటి ఏడాదే పాతసామాను కొనే తండ్రీకొడుకుల కథతో కొత్త విజయం అందుకున్నారు. హ్యాంకాక్ వేరే రచయితలతో, మద్యంతో గడిపి, 1968 జూన్‌లో సిడ్నీలో ఒక ధారావాహిక పని మధ్యలో ఉండగా తన ప్రాణం తానే తీసుకున్నాడు. వయసు 44. తెలిసినవాళ్ళందరి మీదా ఒక్కొక్క తలుపే మూసుకుంటూ వచ్చి, చివరికి తన మీదే తలుపు మూసుకున్నాడని మిల్లిగన్ తర్వాతెప్పుడో అన్నాడు.

ఇప్పుడు మీ విషాదం ప్రశ్న. నవ్వించేవాడు లోలోపల ఏడుస్తుంటాడన్న మాట నాకు నచ్చదు. పాత్రికేయులకు సులువుగా దొరికే శీర్షిక అది. ఇటలీలో 1944లో మోర్టారు గుండు దగ్గరగా పేలాక మిల్లిగన్ మనసు దెబ్బతింది, ఆ తర్వాత జీవితమంతా ఆసుపత్రులకు వెళ్ళి వస్తూనే ఉన్నాడు. కానీ అలా దెబ్బతిని ఇళ్ళకు చేరిన వేలమంది గుమాస్తాలు, బస్సు డ్రైవర్లు అయ్యారు, వాళ్ళ జీవితచరిత్రలు ఎవరూ రాయలేదు. మనం చూస్తున్నది హాస్యనటుల రోగం కాదు, యుద్ధానికి వెళ్ళొచ్చిన తరం రోగం. ఆర్నాల్డ్ రిడ్లీనే చూడండి. మొదటి యుద్ధంలో సోమ్ దగ్గర బాయొనెట్ పోట్లు తిని, ఎడమచెయ్యి చాలావరకు పనికిరాకుండా పోయిన మనిషి. 1939లో మళ్ళీ సైన్యంలో చేరాడు. డెబ్బై దాటాక, 1968లో మొదలైన డాడ్స్ ఆర్మీ ధారావాహికలో అతనికి దక్కింది ఒక మెత్తని ముసలాయన పాత్ర. మొదటి యుద్ధంలో ఆయుధం పట్టనని నిరాకరించినవాడిగా చూపించిన పాత్ర! దాన్ని అంత ప్రేమగా పోషించడానికి అతనికున్న అర్హత ఇంకెవరికి ఉంది?

మిల్లిగన్ విషయంలో ఇంకొక్క మాట. వాళ్ళ సైన్యం కోసం గాయపడిన అతనికి 1960లలో బ్రిటిష్ పాస్‌పోర్టు దగ్గర పేచీ వచ్చింది, పుట్టింది భారతదేశంలో, తండ్రి ఐర్లండువాడు అని. ఐర్లండు పౌరసత్వం తీసుకున్నాడు. 2002లో పోయాడు. వించెల్సీలో అతని సమాధి రాయి మీద ఐరిష్ భాషలో ఉన్న వాక్యానికి అర్థం: "నాకు ఒంట్లో బాగాలేదని చెప్పాను కదా."

మన వేషాలు వేసిన సంగతి అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే చూడటం మొదలుపెడితే తప్పక ఎదురవుతుంది. సెల్లర్స్ 1960లో భారతీయ డాక్టరుగా, 1968లో భారతీయ నటుడిగా మొహానికి రంగు పూసుకుని నటించాడు. అతని చెవి అద్భుతమైనది, యాస పట్టుకోవడంలో తప్పు దొరకదు. అయినా అది మనల్ని చూసి నవ్వేవాళ్ళ కోసం చేసినదే, మనం నవ్వుకోవడానికి కాదు. దేవ్‌లాలీ ధారావాహికలో రంగు పూసుకుని భారతీయుడిగా చేసిన మైకేల్ బేట్స్ పుట్టింది ఝాన్సీలో, అక్కడి భాష వచ్చినవాడు. దానితో పూసిన రంగు పోదు కానీ, తెలియక చేసినవాడు మాత్రం కాదు. సెల్లర్స్ డాక్టరు పాటలోని పల్లవినే 1990లలో బ్రిటన్‌లోని భారతీయ సంతతి హాస్యనటులు తమ కార్యక్రమానికి పేరుగా పెట్టుకుని, ఇంగ్లీషు భోజనశాలకు వెళ్ళి అల్లరి చేసే బొంబాయివాళ్ళ దృశ్యంతో బాకీ తీర్చేశారు.

టామీ కూపర్ గురించి చెప్పకుండా ముగించలేను. ఆరడుగులు దాటిన భారీ మనిషి, పెద్ద పాదాలు. యుద్ధకాలంలో కైరోలో ప్రదర్శన ఇవ్వబోతుండగా తన టోపీ కనబడకపోతే పక్కనుంచి పోతున్న వడ్డన కుర్రాడి తల మీది రూమీ టోపీ లాక్కుని పెట్టుకున్నాడు. నవ్వు పడింది, ఇక దించలేదు. అతని ఇంద్రజాలం ఎప్పుడూ తప్పిపోతుంది. గ్లాసు, సీసా చోట్లు మారతాయని చెప్పి, "గ్లాసు, సీసా. సీసా, గ్లాసు" అంటూ రెంటికీ గొట్టాలు కప్పుతాడు, తీస్తాడు, ఎక్కడివక్కడే ఉంటాయి, లేదా ఎక్కడినుంచో మరిన్ని సీసాలు పుట్టుకొస్తాయి. అతను మంచి ఇంద్రజాలికుడు, మ్యాజిక్ సర్కిల్ అనే లండన్ ఇంద్రజాలికుల సంఘంలో సభ్యుడు. సరిగ్గా కావలసిన క్షణంలో తప్పడానికి సరిగ్గా చేయడం కంటే ఎక్కువ సాధన కావాలి. నమ్మకపోతే ఒకసారి అద్దం ముందు కావాలని తడబడి చూడండి, అబద్ధం వెంటనే తెలిసిపోతుంది.

1984 ఏప్రిల్ 15, లండన్‌లోని హర్ మెజెస్టీస్ థియేటర్, టీవీలో ప్రత్యక్ష ప్రసారం. సహాయకురాలు అతనికి పొడవాటి అంగీ తొడిగింది. తెర వెనక నుంచి జిమ్మీ టార్‌బక్ ఒక్కొక్క వస్తువూ అందిస్తే, అంగీ కింద నుంచి వాటిని బయటికి తీయాలి. కూపర్ నెమ్మదిగా వెనక్కి జారి తెరకు ఆనుకుని కూర్చుండిపోయాడు. హాలు పగలబడి నవ్వింది. నలభై ఏళ్ళుగా ఆ మనిషి పడిపోతే నవ్వాలని వాళ్ళకు నేర్పింది అతనే. సంగీతం వేసి ప్రకటనలకు వెళ్ళారు. తర్వాతి కళాకారులు మూసిన తెర ముందు ఆట కొనసాగించారు, తెర వెనక అతన్ని బతికించే ప్రయత్నం జరుగుతుండగా. ఆ దృశ్యం అంతర్జాలంలో దొరుకుతుంది. నేను ఒకసారి చూశాను, మళ్ళీ చూడను. మీరు అక్కడ మొదలుపెట్టవద్దు.

మొదలుపెట్టాల్సింది మోర్కమ్, వైజ్ దగ్గర. పదిహేనేళ్ళ వయసులోనే జంటగా వేదిక ఎక్కినవాళ్ళు. ఎరిక్ యుద్ధకాలంలో సైన్యానికి బదులు బొగ్గుగనిలో పనిచేసి గుండె బలహీనతతో బయటపడ్డాడు. 1954లో వాళ్ళ మొదటి టీవీ ధారావాహిక ఘోరంగా పోయింది. టీవీ పెట్టె అంటే మోర్కమ్, వైజ్‌లను పూడ్చిపెట్టిన పెట్టె అని ఒక పత్రిక రాస్తే, ఎరిక్ ఆ ముక్క కత్తిరించి ఏళ్ళ తరబడి జేబులో పెట్టుకు తిరిగాడు.

1971 క్రిస్మస్ కార్యక్రమంలో ఆండ్రే ప్రెవిన్ వచ్చిన భాగం చూడండి. లండన్ సింఫనీ వాద్యబృందం నిర్వాహకుడు, నటుడు కాదు. స్కెచ్ కూడా కొత్తది కాదు, 1963లో వాడినదాన్నే వాళ్ళ రచయిత ఎడ్డీ బ్రేబెన్ తిరగరాశాడు. ప్రెవిన్ తల్లికి ఒంట్లో బాగాలేదని అమెరికా వెళ్ళి, రిహార్సల్ చాలావరకు పోగొట్టుకుని, విమానాశ్రయం నుంచి టాక్సీలో వస్తూ టార్చిలైటు వెలుగులో సంభాషణలు చదువుకున్నాడు. ఎరిక్‌కు లోపల దడ. ఎరిక్ పియానో మీద తప్పుడు స్వరాలు వాయించి ప్రెవిన్ కాలరు పట్టుకుని, "స్వరాలన్నీ సరైనవే వాయిస్తున్నాను, వరుసే అటూ ఇటూ" అనే చోటు అందరూ చెబుతారు. నేను చెప్పేది దానికి చాలా ముందుది. ప్రెవిన్, "నా నిర్వాహక దండం తెచ్చుకుంటాను" అని, ఒక్క క్షణం ఆగి, "షికాగోలో ఉంది" అంటాడు. ఆ క్షణం సరిగ్గా అమరింది. అప్పుడు ఎరిక్ మొహం చూడండి. భుజాలు దిగుతాయి, కళ్ళు వెలుగుతాయి, గాల్లో పిడికిలి విసిరి, "ఇతను మనవాడే, నాకు నచ్చాడు!" అంటాడు.